పదకొండు వారాలు ఒకే అంకె

డ్యామ్ కట్ట లోపల నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలిచే గొట్టాన్ని పీజోమీటర్ అంటారు. మా రికార్డు పుస్తకంలో నాలుగో నంబరు పీజోమీటర్ ఎదురుగా పదకొండు వారాలు వరసగా 38.2 అడుగులు అని రాసి ఉంది. తేదీ మారుతోంది, చూసినవాళ్ల సంతకం ఉంది, కింద ఫోర్‌మన్ సంతకమూ ఉంది. అంకె మాత్రం కదల్లేదు.

నేను ఆ డ్యామ్ పనికి కొత్తగా వచ్చిన నెల అది. అమెరికాలో, వెస్ట్ వర్జీనియా దక్షిణాన, బొగ్గు కడిగే ప్లాంటు వెనక లోయలో, ఆ కడిగిన నల్లనీళ్లు ఆపడానికి కట్టిన స్లర్రీ డ్యామ్. పాత రికార్డులు ఇంటికి తెచ్చుకుని, వంట చేసుకున్నాక కూర్చుని ఒక్కో పీజోమీటర్‌కి గ్రాఫ్ గీస్తున్నాను. ఆ పదకొండు వారాల్లో చెరువు మట్టం దాదాపు మూడడుగులు పెరిగింది. చెరువు పెరిగితే కట్ట లోపలి నీరు కూడా ఎంతో కొంత కదలాలి. ఐదో నంబరు కదిలింది, ఆరో నంబరు కదిలింది. నాలుగో నంబరు గీత ఒక్కటే చాప పరిచినట్టు పడుకుని ఉంది.

నాకు ముందు ఆ పని చేసినాయన చలికి బద్ధకించి, పోయిన వారం అంకెనే మళ్లీ ఎక్కించేశాడని అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి గొట్టంలోకి టేపు దించాను. ఆ టేపు చివరి మొనకి నీళ్లు తగలగానే బీప్ మంటుంది. సరిగ్గా 38.2 దగ్గర మోగింది. ఇంకా దించబోతే దిగలేదు. గొట్టం లోపల వంగిపోయి, ఆ వంపులో కాసిన్ని నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆయన ప్రతి వారం ఆ వంపునే కొలిచి, కనిపించింది కనిపించినట్టు రాశాడు. పక్కనే కొత్త గొట్టం వేయించి చూస్తే నీళ్లు 31 అడుగుల లోతులోనే ఉన్నాయి. అంటే ఇన్నాళ్లూ మేము అనుకున్నదానికంటే ఏడడుగులు పైన. ప్లానులో రాసుకున్న ప్రమాద మట్టానికి ఇంకా దూరమే కాబట్టి ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ పెద్దాయన అప్పటికే రిటైరైపోయాడు. మనసులో ఆయన్ని తప్పుపట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒకే అంకె ఇన్నిసార్లు రాస్తే ఎవరైనా ఏమనుకుంటారోనని ఒకవారం 38.1, ఇంకోవారం 38.4 అని కాస్త అటూ ఇటూ మార్చి ఉంటే నా గ్రాఫ్ చూడ్డానికి బాగుండేది. ఆ గొట్టం చెడిపోయిందని నాకెప్పటికీ తెలిసేది కాదు.

ఈ పోస్టు రాయడానికి కారణం ఒక మాట. ఇక్కడి ప్రభుత్వం మూడేళ్లకోసారి ఇలాంటి రికార్డులన్నిటికీ ఎన్ని గంటలు పడుతున్నాయో లెక్క కట్టి, ఇంత భారం అవసరమేనా అని ప్రజల అభిప్రాయం అడుగుతుంది. అడగడం మంచిదే. కానీ 'భారం' అన్న ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. నా వారంలో అది ఒక పూట పని. ఆ పూట దేనికోసమో నావాళ్లకి నా భాషలో చెప్పాలనిపించింది.

మనకి డ్యామ్ అంటే నాగార్జునసాగర్. ఒకసారి కట్టారు, అయిపోయింది, నీళ్లు నింపారు. బొగ్గు గని డ్యామ్ అలా అయిపోయేది కాదు. బొగ్గు కడిగాక మిగిలిన రాళ్లూ గరుకు చెత్తతో కట్ట పోస్తారు. సన్నటి బొగ్గుపొడి కలిసిన నల్లటి నీళ్లని ఆ కట్ట వెనక్కి పంపు చేస్తారు. వెనక నిండేకొద్దీ కట్ట ఎత్తు పెంచుతూ పోతారు. చాలాచోట్ల ఆ కొత్త ఎత్తు కొంతవరకూ వెనక పేరుకున్న మెత్తటి మడ్డి మీదే నిలబడుతుంది. ఇలా ఏళ్ల తరబడి. ఈ ఏడాది నేను చూసే డ్యామ్ పోయినేడాది డ్యామ్ కాదు. లోపలేం జరుగుతోందో పైకి కనిపించదు కాబట్టి, వారం వారం రాసిన అంకెలే మాకు దాని కథ.

1972 ఫిబ్రవరి 26న, మా డ్యామ్‌లాంటిదే ఒకటి లోగన్ కౌంటీలో తెగింది. బఫెలో క్రీక్ అని వాగు పేరు. పొద్దున ఎనిమిదింటికి, శనివారం, పిల్లలింకా ఇళ్లలో ఉన్న వేళ. దాదాపు 50 కోట్ల లీటర్ల నల్లనీళ్లు లోయ వెంట దిగాయి. మొదట సాండర్స్, తర్వాత లోరాడో, లండేల్, అలా వాగు గుయాండాట్ నదిలో కలిసే మ్యాన్ ఊరిదాకా. 125 మంది పోయారు. లోయలో ఉన్న ఐదువేల మందిలో నాలుగు వేలకు పైగా ఇల్లు లేనివాళ్లయ్యారు. ఆ కట్ట పాత మడ్డి మీద పోసింది. మన చెరువులకుండే అలుగులాంటిది, అంటే ఎక్కువైన నీరు పొర్లిపోయే దారి, సరైనది దానికి లేదు. ఆ రాత్రంతా నీళ్లు పెరుగుతుంటే కంపెనీ మనుషులు వచ్చి చూసి వెళ్తూనే ఉన్నారు. కింద నిద్రపోతున్న ఊళ్లకి మాత్రం కబురు వెళ్లలేదు. తర్వాత ఆ గని యజమాని పిట్‌స్టన్ కంపెనీ దాన్ని దైవఘటన అంది.

నన్ను వదలని సంగతి వేరే ఉంది. తెగడానికి నాలుగు రోజుల ముందే ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ ఆ డ్యామ్ చూసి 'సంతృప్తికరం' అని తేల్చాడు. ఆ మాటకి మట్టం లేదు, రంగు లేదు, పోయినవారంతో పోలిక లేదు. దాన్ని గ్రాఫ్ మీద ఎక్కడ పెట్టాలి?

మా పుస్తకంలో ఇప్పుడున్న గళ్లన్నీ ఆ లోయ తర్వాత వచ్చినవే. 1975 నాటి నిబంధనలు. ఇరవై అడుగుల ఎత్తున నీళ్లు నిలిపే ప్రతి కట్టనీ, తక్కువ ఎత్తున్నా ఎక్కువ నీళ్లు ఆపేవాటినీ, ఏడు రోజులు దాటకుండా శిక్షణ పొందిన మనిషి నడిచి చూడాలి. చూసింది రాసి సంతకం పెడితే గని బాధ్యుడొకరు చదివి రెండో సంతకం పెట్టాలి. ప్రమాదం పొంచి ఉందనిపిస్తే గనుల భద్రతా శాఖ జిల్లా అధికారికి చెప్పాలి, కార్మికుల్ని ఖాళీ చేయించడానికి సిద్ధం కావాలి, అప్పట్నుంచి కనీసం ఎనిమిది గంటలకోసారి వెళ్లి చూడాలి. ఏడాదికోసారి లైసెన్సున్న ఇంజనీర్ తన పేరు మీద సర్టిఫికెట్ ఇవ్వాలి. ప్రతి డ్యామ్ దగ్గరా ఆరడుగుల బోర్డు మీద దాని నంబరు, పేరు, అది ఎవరిదో ఉండాలి. ఉత్త మట్టి కుప్పలకీ లెక్కుంది. రెండడుగులకి మించని పొరలుగా పోసి తొక్కించాలి, వాలు సుమారు 27 డిగ్రీలు దాటకూడదు. వదులుగా పోస్తే నీళ్లు దూరతాయి, గాలి దూరి లోపల నిప్పు కూడా రాజుకుంటుంది.

మా నాన్నని బాపు అంటాను. ఆయన సింగరేణి బొగ్గు గనుల్లో ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టు పనిని చూసుకునే మనిషిగా చేసి రిటైరయ్యాడు. గోదావరిఖనిలో మా ఇంటి మేడ మీది నుంచి కనిపించే గుట్టల్లో కొన్ని నిజం గుట్టలు కావనీ, ఓపెన్‌కాస్టుల మట్టి అనీ నాకు ఏడో తరగతిలోగానీ తెలీలేదు. బాపు డ్యూటీ దిగాక స్నానమైనా చేయకముందే రిపోర్టు రాసేవాడు. ఒకసారి ఒకచోట పైకప్పు కర్రతో తడితే గుల్లగా మోగిందని, అక్కడ మనుషుల్ని పెట్టలేదని రాసి వచ్చాడట. తర్వాతి షిఫ్టు ఆయన అది చదివి తానూ ఎవర్నీ పెట్టలేదు. ఆ షిఫ్టులోనే కూలింది. "చదివిండు బిడ్డా, అదే గొప్ప" అంటాడు బాపు ఇప్పటికీ, రాసిన తన సంగతి వదిలేసి.

2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లో లాల్‌మటియా ఓపెన్‌కాస్టులో మట్టి కూలి 23 మంది కార్మికులు చనిపోయారు. నేనప్పుడు ఎమ్మెస్ మొదటి ఏడాదిలో ఉన్నాను, దేని మీద పని చేయాలో ఇంకా తేల్చుకోలేదు. బాపు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ మట్టి కుప్పకు పుస్తకం ఎవరు రాస్తరు బిడ్డా?" అని అడిగాడు. నాకు తెలీదని చెప్పడానికి సిగ్గేసింది. వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

రాసినంత మాత్రాన అన్నీ ఆగవు. వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బడి వెనక కొండ మీది బొగ్గు చెత్త గురించి 1963లోనే మునిసిపల్ ఇంజనీర్ ఉత్తరాలు రాశాడు. ఆ కుప్ప కింద ఊటలున్నట్టు పాత మ్యాపుల్లోనే ఉంది. 1966 అక్టోబర్ 21న అది జారి 144 మందిని కప్పేసింది, వాళ్లలో 116 మంది పిల్లలు. కాగితం ఉంది, బాపు తర్వాతి షిఫ్టు ఆయనలాంటి మనిషి లేడు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

కెంటకీలోని మార్టిన్ కౌంటీలో 2000 అక్టోబర్‌లో జరిగింది మరో రకం. కట్ట చెక్కుచెదరలేదు. చెరువు అడుగే కింద మూతపడ్డ పాత గనిలోకి తెగి, 30 కోట్ల గ్యాలన్లకు పైగా మడ్డి గని నోళ్లలోంచి వాగుల్లోకి వచ్చింది. ప్రాణనష్టం లేదు. అప్పట్నుంచి కట్టతో పాటు కొండ కింది పాత గనుల నోళ్లనీ నాలాంటివాళ్లు అనుమానంగానే చూస్తారు. అక్కడ కొత్తగా నీళ్లు కారుతుంటే, కారినంతా రాసుకోవాలి.

నాలుగో నంబరు తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. రాసిన అంకెని అక్కడే నిలబడి పోయిన పన్నెండు వారాలతో, చెరువు మట్టంతో పోల్చి చూస్తాను. మారాల్సినచోట మారకపోయినా ఎర్ర ఇంకుతో గుర్తు పెడతాను. రెండో సంతకం పెట్టే ఫోర్‌మన్‌ని ఆ ఎర్ర గుర్తు ఎందుకో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టమన్నాను. మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడు ఆయనే ముందు గ్రాఫ్ చూపించమంటాడు.

బాపు ఆదివారం ఫోన్‌లో ఆరోగ్యం అడిగాక అడిగే మాట ఒక్కటే: "ఊట నీళ్లు తేటగ ఉన్నయా?" మన చెరువు కట్టల కింద పుట్టిన ప్రశ్నే అది. కట్ట కింది అంచు దగ్గర కొంచెం ఊట ఎప్పుడూ ఉంటుంది. అది తేటగా వస్తుంటే ఫర్వాలేదు. మట్టి కలిసి వస్తుంటే కట్ట లోపల బుంగ మొదలైనట్టే. అందుకే మా దగ్గర ఎన్ని గ్యాలన్లు కారుతోందో రాసే గడి పక్కనే రంగు రాసే గడి ఉంటుంది. గాజు సీసాలో పట్టి వెలుతురుకి ఎత్తి చూసి రాస్తాను.

రేపు శుక్రవారం, నా డ్యూటీ. రాత్రి నుంచీ పెద్ద వాన అంటున్నారు. ఫోర్‌మన్ వాన వెలిశాక వెళ్లమన్నాడు. వానలో ఒకసారి, వెలిశాక ఒకసారి వెళ్తానని చెప్పాను. ఊట రంగు మారేది అలాంటప్పుడే. సీసాలు కడిగి బూట్ల పక్కన పెట్టాను.