రంభలో మా చిన్న పడవకి బ్యాటరీ కొన్న సంగతి

మాది గంజాం జిల్లా రంభ, చిలికా ఒడ్డునే ఇల్లు. మా చిన్న ఫైబర్ పడవకి 12 వోల్టుల మోటార్ పెడదామనుకున్నప్పుడు అందరూ ఒకటే మాట, టోటోకి (బ్యాటరీ రిక్షాకి) వేసే లెడ్ యాసిడ్ బ్యాటరీ తెచ్చి పడేయ్, బరంపురంలో ఎక్కడైనా దొరుకుతుంది అని. దొరుకుతుంది నిజమే గానీ 100 ఏహెచ్‌ది (ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) ఒక్కోటి 30 కేజీల దాకా ఉంటుంది, పైగా సగం కంటే ఎక్కువ వాడుతూ పోతే తొందరగా పాడైపోతుంది, అంటే మోసేది 30 కేజీలు, వాడుకునేది 50 ఏహెచ్. మా వైపు నీళ్లు లోతు తక్కువ, అడుగంతా నాచు, పడవ నాలుగు వేళ్లు దిగితే చాలు ఫ్యాన్‌కి చుట్టేసుకుంటుంది. రేవు దగ్గర కరెంటు కూడా లేదు, ఛార్జింగ్‌కి ఇంటికి మోసుకెళ్లాల్సిందే. అందుకే నేను ముందు బరువే చూశాను.

లిథియం బ్యాటరీల్లో ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) ఇంకా తేలిక, కానీ వేడెక్కితే అంటుకునే భయం దానికే ఎక్కువ, నీళ్ల మధ్యలో మంటొస్తే ఎక్కడికి పోతాం? అందుకని ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమే అనుకున్నాను. 3.2 వోల్టుల సెల్స్ నాలుగు వరసగా కలిపితే 12.8 వోల్టులు, 100 ఏహెచ్ అంటే 1280 వాట్ అవర్స్, అందులో 80 శాతం పైనే నిశ్చింతగా వాడుకోవచ్చు.

బరంపురంలో ఒక షాపులో 100 ఏహెచ్ అని స్టిక్కర్ వేసి బాగా చవగ్గా చూపించారు. మా మావయ్య చేపల వ్యాపారం, చేత్తో ఎత్తి బరువు చెప్పేస్తారు. "ఏట్రా అల్లుడా, ఇది ఆరు కేజీలు కూడా లేదు" అన్నారు. పక్క కిరాణా కొట్లో కాటా మీద పెడితే నిజంగానే ఆరు లోపే. 100 ఏహెచ్ సెల్ ఒక్కోటే 2 కేజీలకి అటూ ఇటూ ఉంటుంది, నాలుగు కలిపితేనే 8, ఆపైన బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్ బోర్డు), డబ్బా, వైర్లు! మాట్లాడకుండా వచ్చేశాం. వేరేచోట తీసుకున్నది 11 కేజీల పైన తూగింది, అయినా పడవని గుంజకి కట్టేసి, వాట్ మీటర్ పెట్టి 20 ఆంపియర్ల మీద మోటార్ తిప్పి చూశాను, ఐదు గంటలకి కొంచెం అటూ ఇటూగా వచ్చింది, అంటే 100 ఏహెచ్ నిజమే, అప్పుడు నమ్మకం కుదిరింది.

బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లదో తప్పకుండా అడగండి. మా మోటార్ ఫుల్ స్పీడ్‌లో 50 దాకా లాగుతుంది, అందుకే 100 ఆంపియర్ల బీఎంఎస్ ఉన్నది తీసుకున్నాను, చిన్నదైతే గాలికి ఎదురెళ్తున్నప్పుడే కట్ అయిపోతుంది. ఛార్జర్ 14.6 వోల్టుల లిథియందే ఉండాలి. ఉప్పునీళ్ల గాలి కదా, తగరం పూత ఉన్న లగ్గులు (వైరు చివర బిగించే కొసలు) వేసి వాజలైన్ రాశాను, ప్లస్ టెర్మినల్ పక్కనే ఫ్యూజ్ పెట్టాను.

ఇప్పుడు మావయ్య తన వలల పడవకి కూడా పెట్టమంటున్నారు. అంత బరువుకి ఈ మోటార్ చాలదు, 48 వోల్టులకి వెళ్లాలి, ఆ సెల్స్ రేట్లు కనుక్కుంటున్నాను.