తమ్ముడి తాగుడు రక్తంలోదా, పెంపకంలోదా? చికిత్స నడిచినన్నాళ్లూ మమ్మల్ని వదలని ప్రశ్న

తమ్ముణ్ణి వ్యసన విముక్తి కేంద్రంలో చేర్పించాలని నిర్ణయించుకున్నప్పటి నుంచి మా ఇంట్లో చికిత్స గురించి కన్నా, వాడికి ఈ తాగుడు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని గురించే ఎక్కువ మాటలు నడిచాయి. మా నాన్న తాగుడు వల్ల కాలేయం చెడి చనిపోయారు. "వాళ్ల నాన్న రక్తం, ఎక్కడికి పోతుంది?" అని బాబాయి అన్నారు. "ఒక్కడే మగపిల్లాడని గారాబం చేసి చెడగొట్టింది" అని మేనత్త అమ్మ ఎదుటే అంది. మొదటి మాట తమ్ముడు ఇక మారడని తీర్పు చెప్పేస్తుంది, రెండో మాట నేరం మొత్తం అమ్మ నెత్తిన పెడుతుంది. ఈ రెండింటిలో ఏదీ వాడు బాగుపడడానికి అక్కరకు వచ్చేది కాదు. తమ్ముడి చికిత్స పొడుగునా నేను డాక్టర్లను, కౌన్సెలర్లను అడిగి తెలుసుకున్నదంతా, ఇంట్లో ఇదే వాదన నడుస్తున్నవారికి పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

చేర్పించిన రోజున నేను ఈ ప్రశ్న అడగబోతే డాక్టరు గారు సున్నితంగా ఆపేశారు. "కారణం తర్వాత మాట్లాడదాం, ముందు శరీరాన్ని గట్టెక్కించాలి" అన్నారు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే మొదటి కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి భ్రమించి, లేనివి కనిపించి, ప్రాణం మీదకు వస్తుంది. అందుకే వణుకునూ ఫిట్స్‌నూ అదుపులో ఉంచే క్లోర్డయాజెపాక్సైడ్ వంటి మాత్రలను ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా తగ్గిస్తారు. తాగేవారిలో బి1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది కనుక, మెదడు దెబ్బతినకుండా థయమిన్ ఇంజక్షన్లు ఇస్తారు. తమ్ముడు నీళ్ల గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా అంచు పళ్లకు తగిలి టకటకమని చప్పుడయ్యేది, సగం నీళ్లు చొక్కా మీదే ఒలికేవి. "గదిలో గొళ్లెం పెట్టి ఉంచితే అదే మానేస్తాడు" అని సలహా ఇచ్చినవారంతా ఆ రాత్రులు ఆ మంచం పక్కన కూర్చుని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంట్లో బలవంతంగా మాన్పించే ప్రయత్నం దయచేసి ఎవరూ చేయవద్దు.

వాడు కాస్త తేరుకున్నాక సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అమ్మను, నన్ను కూర్చోబెట్టి కుటుంబ చరిత్ర అడిగారు. ఆవిడ ఒక తెల్ల కాగితం మీద మగవారికి చతురస్రాలు, ఆడవారికి వృత్తాలు గీస్తూ మూడు తరాల వంశవృక్షం వేశారు. తాగుడు సమస్య ఉన్నవారి గడిని పెన్నుతో నింపుతూ వచ్చారు. నాన్న గడి నిండింది, తాతయ్య గడి నిండింది. పెదనాన్న, బాబాయి గడులు ఖాళీగానే మిగిలాయి. రక్తం గురించి అందరికన్నా గట్టిగా మాట్లాడిన బాబాయిది కూడా అదే రక్తం కదా అని నాకు అప్పుడే తట్టింది. ఆ తర్వాత అమ్మ వైపు వచ్చేసరికి అమ్మ చాలాసేపు తల వంచుకుని కూర్చుని, తన పెద్దన్నయ్య గురించి మా ఇంట్లో ఎప్పుడూ వినని సంగతి చెప్పింది. కాగితం మీద ఆ పక్కన కూడా ఒక చతురస్రం నిండింది.

అమ్మ తాతయ్య గురించి చెబుతూ, "ఎంత తాగినా తూలేవారు కాదు, మాట తడబడేది కాదు, మా ఇంటాయనా అంతే, వీడూ అంతే" అంది. ఆ మాటలో ఏదో గొప్ప ఉన్నట్టే చెప్పింది. సోషల్ వర్కర్ పెన్ను ఆపి ఆ వాక్యాన్ని అలాగే రాసుకుని, డాక్టరు గారికి తప్పక చెప్పమన్నారు. నా ప్రశ్నకు జవాబు మొదలైంది అక్కడే.

తాగుడు వంశపారంపర్యం అంటే, పుట్టుకతోనే మద్యం మీద దాహం రక్తంలో ఉంటుందని నేను అనుకునేదాన్ని. డాక్టరు గారు చెప్పింది వేరు. కాలిఫోర్నియాలో మార్క్ షుకిట్ అనే మనోవైద్యుడు, తాగుడు సమస్య ఉన్న తండ్రుల కొడుకులకు, ఆ సమస్య లేని తండ్రుల కొడుకులకు ఒకే మోతాదులో మద్యం ఇచ్చి చూశారు. మొదటి గుంపులో చాలామందికి మత్తు తక్కువగా తెలిసింది, ఒళ్లు తూలడమూ తక్కువే. ఏళ్ల తరువాత మళ్లీ పరిశీలిస్తే, ఆనాడు మత్తు తక్కువగా తెలిసినవారే ఎక్కువగా వ్యసనంలో పడ్డారు. చాలు అని శరీరం చెప్పవలసిన సమయంలో చెప్పకపోతే మనిషి మరింత తాగుతాడు, తనలాగే తాగేవారితో స్నేహం చేస్తాడు, అలా మెదడు మద్యానికి అలవాటు పడుతుంది. నలుగురూ "వీడు ఎంతైనా తట్టుకుంటాడు" అని మెచ్చుకునే లక్షణమే వంశంలో నడుస్తున్న ప్రమాదమని తెలిసినప్పుడు అమ్మ ముఖం పాలిపోయింది.

మరి జన్యువుల వంతు ఎంత? కవలల మీద, దత్తత పిల్లల మీద చేసిన అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, మద్య వ్యసనంలో వంశపారంపర్యం వాటా దాదాపు 50 శాతం అని తేలింది. ఆ అంకెను నేను మొదట తప్పుగా అర్థం చేసుకోకుండా డాక్టరు గారే జాగ్రత్తపడ్డారు. తమ్ముడి తాగుడులో సగం నాన్నది, సగం వాడిది అని దాని అర్థం కాదు. ఒక జనాభాలో కొందరు వ్యసనంలో పడడానికి, కొందరు పడకపోవడానికి మధ్య ఉన్న తేడాలో దాదాపు సగాన్ని జన్యుపరమైన తేడాలతో వివరించవచ్చు అని మాత్రమే. ఒక్క మనిషిని చూపించి, ఇంత రక్తం, ఇంత పెంపకం అని తూకం వేసి చెప్పడం ఎవరివల్లా కాదు.

పెంపకమే అంతా అనేవారికి జవాబుగా నిలిచేది దత్తత అధ్యయనాలు. 1973లో డోనాల్డ్ గుడ్విన్ బృందం డెన్మార్క్‌లో, పుట్టిన తొలి వారాల్లోనే కన్నవారి నుంచి వేరై పరాయి ఇళ్లలో పెరిగిన మగపిల్లలను పెద్దయ్యాక పరిశీలించింది. కన్నవారిలో ఒకరికి తాగుడు వ్యసనం ఉన్న కొడుకుల్లో 18 శాతం మంది, అలాంటి చరిత్ర లేని కొడుకుల్లో 5 శాతం మంది వ్యసనపరులయ్యారు. ఆ పిల్లలు తాగే తండ్రిని చూస్తూ పెరిగింది లేదు, అయినా ప్రమాదం మూడున్నర రెట్లకు పైగా పెరిగింది. ఈ మాట విన్నాక అమ్మ మొదటిసారి తలెత్తి, "అయితే అంతా నా పెంపకమే కాదన్నమాట" అంది. నేను మాత్రం ఆ 18 శాతానికి అవతల మిగిలిన వారి గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. వ్యసనపరుడికి పుట్టి కూడా ఆ దారి పట్టనివారు ఎంతమంది! బాబాయి మొదటి రోజు ఇచ్చిన తీర్పు ఆ లెక్క ముందు నిలవదు.

జన్యువు మనిషిని కాపాడే సందర్భం కూడా ఉందని అదే సంభాషణలో తెలిసింది. మద్యం శరీరంలో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది, దాన్ని మరో ఎంజైమ్ విరిచి హానిలేనిదిగా చేస్తుంది. తూర్పు ఆసియా ప్రజల్లో చాలామందికి ఏఎల్‌డీహెచ్2 అనే జన్యువులో ఉన్న మార్పు వల్ల ఈ రెండో ఎంజైమ్ సరిగా పనిచేయదు. కొద్దిగా తాగినా ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వికారం పుడుతుంది కనుక వారిలో వ్యసనం తక్కువ. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్ర చేసేది కూడా అదే ఎంజైమ్‌ను అడ్డుకోవడమే. అందుకే ఆ మాత్ర వేసుకుని తాగితే ఒళ్లంతా తిప్పేస్తుంది, గుండె మీద కూడా భారం పడుతుంది. దీన్ని అన్నంలోనో కాఫీలోనో కలిపి మనిషికి తెలియకుండా పెట్టే కుటుంబాలు ఉన్నాయి. మాకూ ఒక బంధువు ఆ సలహా ఇచ్చారు. అది ప్రాణాపాయమనీ, రోగి పూర్తిగా తెలిసి ఒప్పుకున్నప్పుడు మాత్రమే, పరీక్షలు చేసి, వైద్యుల పర్యవేక్షణలో ఇవ్వవలసిన మాత్ర అనీ డాక్టరు గారు ఖరాఖండిగా చెప్పారు. తమ్ముడికి ఆయన డైసల్ఫిరామ్ ఇవ్వలేదు. కాలేయ పరీక్షలు చూసి, తాగాలన్న తహతహను తగ్గించే అకాంప్రోసేట్ రాశారు.

పెంపకం సంగతి కౌన్సెలింగ్‌లో బయటపడింది, అది మా మేనత్త చెప్పిన గారాబం మాత్రం కాదు. నాన్న ఇంటికి వచ్చే వేళకు మెట్ల మీద అడుగుల చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో అంచనా వేసుకుంటూ దుప్పటి కింద పడుకునేవాణ్ణని తమ్ముడు చెప్పాడు. పక్క మంచం మీద నేనూ అదే చప్పుడు వింటూ పడుకునేదాన్ని, కానీ మేమిద్దరం ఏనాడూ ఆ సంగతి ఒకరితో ఒకరం అనుకోలేదు. బడిలో ఉండగానే నాన్న గ్లాసులో మిగిలినది తాగి చూశాననీ, ఆ రాత్రి మొట్టమొదటిసారి భయం లేకుండా నిద్రపట్టిందనీ వాడు చెప్పినప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. 1998లో అమెరికాలో వెలువడిన, బాల్యంలోని కష్టానుభవాల మీద చేసిన పెద్ద అధ్యయనంలో, ఇంట్లో తాగుబోతు ఉండడం, దెబ్బలు, తల్లిని కొట్టడం చూడడం వంటి వాటిలో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రకాలు ఎదుర్కొన్నవారికి మద్య వ్యసనం, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు 4 నుంచి 12 రెట్లు పెరిగినట్టు కనిపించింది. 15 ఏళ్ల లోపే తాగడం మొదలుపెట్టినవారిలో వ్యసనం, 20 దాటాక మొదలుపెట్టినవారితో పోలిస్తే నాలుగు రెట్లు ఎక్కువని మరో అధ్యయనం చెప్పింది. నాన్న వాడికి జన్యువులను ఇచ్చారు, భయాన్నీ ఇచ్చారు, అందుబాటులో గ్లాసునూ ఉంచారు. తాగే తండ్రి ఉన్న ఇంట్లో రక్తమూ పెంపకమూ ఒకే చేతి మీదుగా పిల్లలకు అందుతాయి కనుకనే, బయటినుంచి చూసేవారు వాటిని విడదీయలేరు.

"ఒకే ఇంట్లో పెరిగిన ఆడపిల్ల తాగలేదుగా, వీడికేం?" అని నన్ను చూపించి తమ్ముణ్ణి దెప్పినవారున్నారు. ఆ పోలికకు విలువ లేదని నేను గట్టిగా చెప్పగలను. కవలల అధ్యయనాల్లో ఆడవారికీ మగవారికీ వంశపారంపర్యం వాటా దాదాపు సమానంగానే తేలింది. నేను మద్యం రుచి ఎన్నడూ చూడలేదు. చూడమని నన్ను ఎవరూ పిలవలేదు, తాగే ఆడపిల్లను సమాజం చూసే చూపు నన్ను ఆ దరిదాపులకు కూడా రానివ్వలేదు. కాబట్టి తాతయ్యకూ నాన్నకూ ఉన్న ఆ తట్టుకునే లక్షణం నాలో ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఉంటే, నేను తాగకపోయినా అది నా పిల్లలకు వెళ్లగలదు. నా సంయమనం తమ్ముడి తప్పుకు సాక్ష్యం కాదు.

ఈ అవగాహన చికిత్సలో ఏం మార్చిందని కొందరు అడుగుతారు. చాలా మార్చింది. తన శరీరం హెచ్చరిక ఇవ్వని రకమని తెలిశాక "కొద్దిగా తాగి ఆపేస్తాను" అన్న బేరాన్ని తమ్ముడు తనంతట తానే వదిలేశాడు. రాత్రిపూట భయం, నిద్రలేమి తాగుడుకు దారి తీస్తున్నాయని గుర్తించి కౌన్సెలర్ వాటికి వేరుగా చికిత్స చేశారు. డిశ్చార్జ్ అయ్యాక ఒకసారి తిరగబెట్టింది. అప్పుడు ఇంట్లో ఎవరూ నాన్న పేరు ఎత్తలేదు, అమ్మను ఎవరూ ఏమీ అనలేదు, మర్నాడే వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాం. మధుమేహం ఉన్నవారికి చక్కెర పెరిగితే ఏం చేస్తామో అదే చేశాం. వాడు, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళుతున్నాడు, మరదలు తాగుబోతుల కుటుంబాల కోసం నడిచే అల్-అనాన్‌కు వెళుతోంది.

ఇప్పుడు మా ఆలోచన అంతా తమ్ముడి కొడుకు గురించి. పదో తరగతి చదువుతున్న వాడు ఈ మధ్య నన్ను, "అత్తా, నాకూ వస్తుందా? రక్తపరీక్ష చేస్తే తెలుస్తుందా?" అని నేరుగా అడిగాడు. అలాంటి పరీక్ష లేదని, ఒకే జన్యువు కాదు, ఎన్నో జన్యువులు ఒక్కొక్కటి కొద్ది కొద్దిగా ప్రభావం చూపుతాయని చెప్పాను. తాగుడు సమస్య ఉన్నవారి పిల్లల్లో సగానికి పైగా ఆ సమస్యలో పడరని, అయితే వాడికి ప్రమాదం మిగతా స్నేహితుల కన్నా ఎక్కువన్న మాట మాత్రం నిజమని దాచకుండా చెప్పాను. స్నేహితుల్లో ఎవరైనా "నువ్వు బాగా తట్టుకుంటావురా" అని మెచ్చుకునే రోజు వస్తే దాన్ని ప్రమాద సూచనగా తీసుకొమ్మన్నాను. వాడు అన్నీ విని, తాతయ్యకు ఇవన్నీ ఎవరైనా చెప్పారా అని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాను. ఆ సాయంత్రం తమ్ముడు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, కౌన్సెలింగ్‌లో నాకు చెప్పిన ఆ మెట్ల మీద అడుగుల సంగతి మొదలుకొని అంతా తన నోటితోనే చెప్పాడు.