రాకెట్ పొగ కోసం నేను పడ్డ అవస్థ (నా అనుభవం)

ఈరోజే వీడియో డెలివరీ ఇచ్చేశా, నాకు పొగ క్లిప్ అమ్మిన సైటు వాళ్ల మీద కోపం మాత్రం చల్లారలా, అందుకే రాస్తా ఉండా.

మాది సూళ్లూరుపేట. టూర్లు నడిపే ఒకన్న పులికాట్ ప్యాకేజీకి చిన్న ప్రోమో చేసి పెట్టమన్నాడు. ఫ్లెమింగోలు, నేలపట్టు గూడబాతులు (పెలికాన్లు), చివర్లో శ్రీహరికోట షార్ నుంచి రాకెట్ లేవాలి. అడిగిందేమో మే నెలలో, ఎండలకి ఫ్లెమింగోలు యాడుంటాయి? వేరేవాళ్లు తీసి సైట్లలో పెట్టిన స్టాక్ ఫుటేజే గతి.

మేఘాలు, నీళ్లు, సూర్యోదయం పెక్సెల్స్, పిక్సాబే సైట్లలో ఫ్రీగా దొరికినాయి, మన పేరో వాళ్ల పేరో వేయాల్సిన పని కూడా లేదు. పక్షుల దగ్గర మాత్రం చూసుకోండి. ఊరికే ఫ్లెమింగో అని కొడితే ఎర్రగా ఉండే కరీబియన్ జాతి వచ్చి పడతాయి, మన పులికాట్‌కి వచ్చేది గ్రేటర్ ఫ్లెమింగో, ఒళ్లు తెలుపు, రెక్కల్లో గులాబీ, ముక్కు కొన నలుపు. మా ఊళ్లో చిన్నపిల్లోడు కూడా తేడా పట్టేస్తాడు. ఫీనికాప్టెరస్ రోజియస్ అని సైన్సు పేరు ఇంగ్లీషులో కొట్టి వెతికితే సరైనవి వచ్చినాయి, గూడబాతులకి పెలెకానస్ ఫిలిప్పెన్సిస్ అని కొట్టండి.

అసలు కథ పొగ దగ్గర. లాంచ్ అప్పుడు నేనే తీసిన షాట్ ఉంది, కానీ కింద పొగ చెట్ల చాటున పోయింది. పొగ ఒక్కటే ఉండే క్లిప్, ఎలిమెంట్ అంటారు, అది కొనాల్సి వచ్చింది. ఒక పెయిడ్ సైట్లో "ఆల్ఫా ఛానెల్ ఉంది" అని క్లియర్‌గా రాసుంటే, అంటే పొగ వెనక ఖాళీగా ఉండి మన షాట్ కనపడాల, డాలర్లు కట్టి దించా. ఆ అన్న షాపులో నా పక్కనే కూర్చోనున్నాడు, టైమ్‌లైన్ మీద వేస్తే పొగ చుట్టూ నల్ల డబ్బా. "ఏంది అబ్బయ్యా, రాకెట్ కింద బ్లాక్‌బోర్డు పెట్టినావా" అని పక్కన ఉన్నోళ్లందరి ముందు అన్నాడు. పదేళ్లుగా పెళ్లి వీడియోలు చేస్తా ఉండా, నా షాపులో నన్ను ఎవరూ ఆ మాట అనలా.

నలుపుని మాయం చేసే స్క్రీన్ మోడ్ పెట్టొచ్చుగా అంటారు. నిప్పుకి, రాత్రి షాట్లకి అది పనిచేస్తుంది. పగటి ఆకాశం మీద తెల్ల పొగని స్క్రీన్‌లో పెడితే వెలుగులో కలిసిపోద్ది, నల్ల పొగయితే అసలు కనపడదు. ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఫైల్ ఏవీసీ, అంటే మామూలు హెచ్.264 ఎంపీ4, అందులో ఆల్ఫా రాదు. ఆల్ఫా కావాలంటే ప్రోరెస్ 4444, పీఎన్‌జీ సీక్వెన్స్ (ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మగా) లాంటి ఫార్మాట్ ఉండాల. ప్రోరెస్ 4444 అయితే ఫుల్ హెచ్‌డీలో పది సెకన్లకే దాదాపు 400 ఎంబీ అవుతుంది, నాకొచ్చింది 20 ఎంబీ కూడా లేదు. ఇదంతా స్క్రీన్‌షాట్లతో సపోర్ట్‌కి మెయిల్ పెడితే బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయమన్నారు. మళ్లీ పెడితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోమన్నారు. ఆఖరికి డిజిటల్ సరుకు కాబట్టి డబ్బు వాపసు లేదన్నారు. డబ్బు తీసుకునేటప్పుడు మనిషి, అడిగేటప్పుడు మెషినా?

కొనేముందు ఏ సైట్లో అయినా ఫ్రీ శాంపిల్ దించి కింద ఎర్ర సాలిడ్ (ఒకే రంగు లేయర్) పెట్టి చూడండి, అంచులన్నీ బయటపడతాయి. యాక్షన్‌విఎఫ్ఎక్స్ సైట్లో ఫ్రీ సెక్షన్ ఉంది, ముందు అది చూడండి. వాట్సాప్‌లో తిరిగే గూగుల్ డ్రైవ్ ప్యాకుల జోలికి మాత్రం పోవద్దు, అవి ఎవరివో దొంగ సరుకు, యూట్యూబ్ కాపీరైట్ చెకింగ్ కంటెంట్ ఐడీలో పట్టుబడితే మాట పడేది క్లయింట్ దగ్గర మనమే.

నాకు కావాల్సిన పొగ మాత్రం యాడా దొరకలా. రాత్రి షట్టర్ దించి, వెనక నల్ల దుప్పటి కట్టి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పక్కనుంచి ఒకటే లైటు పెట్టి ఫోన్‌లో స్లో మోషన్ తీశా. దుప్పటి మీద లైటు పడకుండా చూసుకోవాల, అంతే. ఆ క్లిప్ వెలుగునే మ్యాట్‌గా, అంటే వెలుగున్న చోటే కనపడేలా పెట్టి తెల్ల సాలిడ్ వేస్తే పొగ ఒక్కటే విడిగా వచ్చింది. స్లో మోషన్ కాబట్టి చిటికెడు సాంబ్రాణి పొగ కూడా కొండంత బరువుగా లేచింది. ఆ అన్న రెండుసార్లు వెనక్కి తిప్పించుకుని చూసి "ఇది షార్ వాళ్లిచ్చిందా" అని అడిగాడు. కొన్నదానికంటే నాదే బాగుంది, గట్టిగా చెప్తా.

డబ్బు వాపసు కోసం బ్యాంకులో కార్డు డిస్ప్యూట్ (ఫిర్యాదు) వేసినా, ఇంకా తేలలా. మీరు ఏది కొన్నా డబ్బు కట్టక ముందే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నేను మెయిల్ పెట్టిన తర్వాత ఆ పేజీలో ఆల్ఫా అన్న లైనే తీసేశారు.