ఒక్క రోజు గడువు

ఆదివారం. భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. నేనూ మంచమెక్కి ‘మెడియా’ నాటకం మొదలుపెట్టాను. పావుగంటకే లేచి కూర్చున్నాను.

గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ దీన్ని క్రీ.పూ. 431లో ఏథెన్స్‌లో, ద్రాక్షసారా దేవుడు డయొనీసస్ ఉత్సవాల్లో జరిగే నాటకాల పోటీకి రాశాడు. ముగ్గురు కవుల్లో ఇతనికి దక్కింది మూడో స్థానం. మెడియా వేషం కట్టిందీ మగవాడే. మాస్కు పెట్టుకున్న ఆ మగవాడి నోటి నుంచే ఈ మాటలొచ్చాయి: బోలెడు డబ్బు పోసి మొగుణ్ణి కొనుక్కోవాలి, పైగా మన ఒంటికి వాడే యజమాని. ఒక్క కాన్పు కన్నా డాలు పట్టుకుని మూడుసార్లు యుద్ధంలో నిలబడటం నయం. టీ తాగుతూ అత్తయ్యకు ఇది చెప్పాను. ముగ్గురాడపిల్లల పెళ్లిళ్లు చేసిన మనిషి. ‘‘అప్పుడూ కట్నాలేనా?’’ అన్నారు.

నాకు మాత్రం కోరింత్ రాజు క్రియాన్ వచ్చే సీనే పదే పదే గుర్తొస్తోంది. మెడియా మొగుడు ఆమెను వదిలేసి చేసుకున్నది ఇతని కూతుర్నే. పిల్లల్ని తీసుకుని ఇప్పుడే దేశం విడిచిపొమ్మని ఆమెకు చెప్తాడు. నువ్వంటే భయమని కూడా దాచుకోకుండా చెప్తాడు. ఆమె కాళ్లు పట్టుకుంటుంది. పిల్లలకో దారి చూసుకోవాలి, ఒక్క రోజు గడువివ్వమంటుంది. తప్పు చేస్తున్నానని తెలిసీ ఇస్తాడు. అతను అటు వెళ్లగానే ఆమె కోరస్ (నాటకంలో పాడుతూ వ్యాఖ్యానించే బృందం) ఆడవాళ్లతో అంటుంది: లాభం లేకుండా వాణ్ణి బతిమాలేదాన్నా?

యాంటిగనీని ఇష్టపడటం తేలిక. మరో గ్రీకు కవి సోఫోక్లీస్ నాటకంలో ఆమెకూ ఒక క్రియాన్ ఉన్నాడు, థీబ్స్ రాజు. నేను బతికుండగా ఆడది ఏలడానికి వీల్లేదంటాడు. నేను వద్దన్నా అన్న శవం మీద మట్టి వేశావా అంటే, వేశానని ఎదురుగా నిలబడి ఒప్పుకుంటుంది. చివరికి ఉరేసుకుంటుంది. చనిపోయింది కాబట్టే మనం ఇంత సులువుగా దండ వేసేస్తామేమోనని నా అనుమానం. గ్రీకు నాటకాల్లోనే, మొగుణ్ణి చంపిన రాణి క్లైటెమ్నెస్ట్రా కూడా కొడుకు చేతిలో పోతుంది. మెడియా మాత్రం మొగుడి మీద పగతో కన్నపిల్లల్ని తనే చంపి, సూర్యుడు పంపిన రథమెక్కి వెళ్లిపోతుంది. ఈమెకు ఏ దండ వేయాలో తెలీదు.

ఆడజాతే లేకుండా పిల్లలు పుట్టే మార్గం ఉంటే బాగుండేదని మధ్యలో ఆమె మొగుడు జేసన్ అంటాడు. చివర్లో, పిల్లల ఒళ్లు ఒక్కసారి తాకనివ్వమని ఆమెనే వేడుకుంటాడు. ఒప్పుకోదు. అక్కడ నాకు జాలేసింది, జేసన్ మీదే. వేసినందుకు చిరాకు కూడా వేసింది.