టాయ్, మినియేచర్, టీకప్: చిన్న జాతి కుక్కల కొలతల సంగతి

చెన్నైలో అపార్ట్‌మెంట్లు పెరిగేకొద్దీ చిన్న జాతి కుక్కలకు గిరాకీ కూడా పెరిగింది. మా పెరంబూరులో సాయంత్రం పూట వీధి చివరిదాకా నడిస్తే చాలు, షిట్జూలు, పగ్‌లు, పామరేనియన్లు, అప్పుడప్పుడు ఒక డాక్స్‌హండ్ ఎదురవుతాయి. నేను కుక్కల్ని పెంచుతానని తెలిసిన బంధువులు, స్నేహితులు కుక్కపిల్లను కొనే ముందు నాకు ఫోన్ చేస్తుంటారు. ఈమధ్య మా పిన్నిగారి అబ్బాయి చేశాడు: "అక్కా, టీకప్ పామ్ అట, అంటే బుల్లి పామరేనియన్, పెద్దయినా రెండు కిలోలు దాటదట, కావాలంటే కాగితం మీద రాసిస్తానంటున్నాడు." ముందు తల్లిని చూపించమని అడగరా అన్నాను. తల్లి ఊళ్ళో లేదని ఆ అమ్మకందారు జవాబిచ్చాడట. అందరికీ విడివిడిగా చెప్పే బదులు, ఈ పేర్ల గురించి నాకు తెలిసినది ఒకచోట రాసిపెడుతున్నాను.

కుక్క పరిమాణాన్ని చెప్పే ఏ పేరుకైనా మూడు విషయాలు తెలిస్తేనే అర్థం ఏర్పడుతుంది. ఆ పేరు ఏ సంస్థ ప్రమాణంలోనిది, ఆ ప్రమాణం దేన్ని కొలుస్తుంది, ఏ వయసులో కొలుస్తుంది అన్నవే ఆ మూడూ. మన దేశంలో జాతి కుక్కల నమోదు చూసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కార్యాలయం చెన్నైలోనే ఉంది. దానికి బెల్జియంలోని తువాఁ పట్టణం కేంద్రంగా పనిచేసే ఎఫ్‌సీఐ అనే అంతర్జాతీయ సమాఖ్యతో అనుబంధం ఉంది. ఆ సమాఖ్యలో ఒక జాతి ప్రమాణాన్ని సాధారణంగా ఆ జాతి పుట్టిన దేశమే నిర్ణయిస్తుంది కనుక పూడుల్‌కు ఫ్రాన్స్ మాట, డాక్స్‌హండ్‌కు జర్మనీ మాట, చివావాకు మెక్సికో మాట చెల్లుతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే మాత్రం ముందుగా కనిపించేవి అమెరికన్ కెన్నెల్ క్లబ్ పౌండ్లు, అంగుళాలు. చేతిలో ఒక సంస్థ కాగితం, ఫోన్‌లో మరో సంస్థ కొలత పెట్టుకుని పోల్చడంతోనే సగం గందరగోళం మొదలవుతుంది.

పూడుల్‌ను తీసుకుంటే ఈ తేడా స్పష్టంగా కనబడుతుంది. ఎత్తును మూపు దగ్గర, అంటే మెడ ముగిసి వెన్ను మొదలయ్యే చోట, భుజాల పైకొస నుంచి నేల వరకు కొలుస్తారు. తల ఎంత పైకెత్తినా అది లెక్కలోకి రాదు. అమెరికా లెక్కలో 10 అంగుళాల వరకు, అంటే సుమారు 25 సెంటీమీటర్ల వరకు టాయ్, అది దాటి 15 అంగుళాల వరకు మినియేచర్, ఆపైన స్టాండర్డ్. ఎఫ్‌సీఐ లెక్కలో మూడు కాదు, నాలుగు తరగతులు ఉన్నాయి: 24 నుంచి 28 సెంటీమీటర్ల వరకు టాయ్, 28 దాటి 35 వరకు మినియేచర్, 35 దాటి 45 వరకు మీడియం, 45 దాటి 60 వరకు స్టాండర్డ్. కనుక 27 సెంటీమీటర్ల పూడుల్ చెన్నైలో టాయ్, అమెరికాలో మినియేచర్. కుక్క మాత్రం ఒకటే. ఇక్కడ చాలామంది గమనించని అంశం ఇంకొకటి ఉంది. ఎఫ్‌సీఐ టాయ్ పూడుల్‌కు పై హద్దుతో పాటు కింది హద్దు కూడా ఉంది. ఒక సెంటీమీటరు సడలింపు ఇచ్చినా 23 కంటే దిగకూడదు, మరుగుజ్జు లక్షణాలేవీ కనిపించకూడదని ఆ ప్రమాణమే చెబుతుంది. ఎంత చిన్నదైతే అంత మేలైనదన్న అంగడి మాటకు అందులో చోటు లేదు.

డాక్స్‌హండ్ విషయంలో ఎఫ్‌సీఐ ఎత్తునూ బరువునూ పక్కన పెట్టి ఛాతీ చుట్టుకొలతనే పట్టించుకుంటుంది. అది వేటకుక్క; బొరియలో దూరి లోపలి జంతువును బయటికి తరమడం దాని పని కాబట్టి ఎంత సన్నని బొరియలో పట్టగలదన్నదే వేటగాడికి కావలసిన కొలత. అందుకే స్టాండర్డ్, మినియేచర్ కాక కుందేలు బొరియకు సరిపోయే మూడో రకం కూడా జర్మన్ల లెక్కలో ఉంది. ఆ కొలతను కనీసం 15 నెలల వయసు వచ్చాకే తీస్తారు. అమెరికన్లు ఇదే కుక్కను తూకం వేస్తారు: ఏడాది నిండాక 11 పౌండ్లు, అంటే సుమారు 5 కిలోలకు లోపుంటే మినియేచర్, స్టాండర్డ్ సాధారణంగా 16 నుంచి 32 పౌండ్ల మధ్య ఉంటుంది. మధ్యలో పడ్డ వాటికి అధికారికంగా ఏ పేరూ లేదు. ఆరోగ్యానికి అదేమీ లోటు కాదు, పోటీల్లో దింపాలనుకునే వారికే ఆ చిక్కు. ఇక చివావాకు ఎఫ్‌సీఐ ఎత్తు అసలు చూడదు, బరువే చూస్తుంది.

టాయ్ అన్న మాటతో ఇంకో తికమక ఉంది. అది ఒక్కోసారి పరిమాణం పేరు, ఒక్కోసారి వర్గం పేరు. ఎఫ్‌సీఐ తొమ్మిదో వర్గం పేరులోనే టాయ్ కుక్కలు ఉన్నాయి. అరవై సెంటీమీటర్ల స్టాండర్డ్ పూడుల్ కూడా అందులోనే ఉంటుంది. అమెరికాలో టాయ్ వర్గంలో ఉండే పామరేనియన్‌ను, మినియేచర్ పిన్షర్‌ను ఎఫ్‌సీఐ వేరే వర్గాల్లో పెట్టింది. పనిలో పనిగా, మినియేచర్ పిన్షర్‌ను డాబర్‌మన్‌ను కుదించి తయారు చేశారనుకునేవారు మన ఊళ్ళలో చాలామందే ఉన్నారు. నిజానికి ఆ చిన్నదే పాత జాతి.

పామరేనియన్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన ఇళ్ళలో ఎక్కువగా మోసం జరిగేది ఇక్కడే. జర్మన్ స్పిట్జ్ కుటుంబంలో అన్నిటికంటే చిన్నది పామరేనియన్. ఎఫ్‌సీఐ దానికి 21 సెంటీమీటర్ల ఎత్తు చెప్పి, 3 సెంటీమీటర్లు అటూ ఇటూ ఒప్పుకుంటుంది. బరువు ఎత్తుకు తగినట్టు ఉంటే చాలంటుంది. అమెరికా ప్రమాణం 3 నుంచి 7 పౌండ్లు, అంటే దాదాపు 1.4 నుంచి 3.2 కిలోలు. కాబట్టి పెద్దయ్యాక రెండు కిలోలు తూగే పామరేనియన్ ప్రమాణానికి లోబడిన మామూలు పామరేనియనే. దానికి టీకప్ అని వేరే పేరు పెట్టి వేరే ధర కట్టవలసిన పని లేదు. మా చిన్నప్పుడు నెల్లూరులో పామ్ అని పిలుచుకున్న తెల్ల కుక్కల్లో చాలా వరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అది మన ఎండకు అలవాటు పడ్డ మంచి కుక్క, కాస్త పెద్దది. ఎఫ్‌సీఐ జాబితాలో లేకపోయినా మన కెన్నెల్ క్లబ్ దాన్ని గుర్తించింది. దాన్ని కొన్నవారు, పామ్ ఇంత పెరిగిందేమిటని బెంగపడనక్కరలేదు.

టీకప్, పాకెట్, మైక్రో, షిట్జూలకు తగిలించే ఇంపీరియల్, ఈ పేర్లేవీ నేను పైన చెప్పిన ఏ సంస్థ ప్రమాణంలోనూ లేవు. షిట్జూకు ఎఫ్‌సీఐ 4.5 నుంచి 8 కిలోల బరువు, 27 సెంటీమీటర్లకు మించని ఎత్తు చెబుతుంది. అంతకంటే తక్కువ తూగేది రాచజాతి అయిపోదు, తక్కువ బరువున్న షిట్జూ అవుతుంది. అసలు చిన్న కుక్కల చిన్నతనం ఒక్కరోజులో వచ్చింది కాదు. ఐజీఎఫ్-1 అనే జన్యువులోని ఒక తేడాకు అందులో పెద్ద పాత్ర ఉందని 2007లో శాస్త్రజ్ఞులు తేల్చారు. కానీ ప్రమాణం కంటే ఇంకా కిందికి దించడానికి కొందరు ఎంచుకునే దారి, ఒకే కాన్పులో అన్నిటికంటే బలహీనంగా పుట్టిన పిల్లలను జతకట్టించడం, లేదా పిల్లకు సరిగా తిండి పెట్టకపోవడం, లేదా వయసు ఎక్కువ చెప్పడం. ఆరు వారాల పిల్లను పది వారాలదని చెబితే అది ఎవరి కంటికైనా టీకప్‌లాగే కనిపిస్తుంది. దాని ఫలితం కొన్నవారి ఇంట్లో బయటపడుతుంది: ఒక పూట తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి వణకడం, మాడు పూడకుండా మెత్తగా ఉండిపోవడం, మోకాలి చిప్ప జారడం, చిన్న దవడలో పళ్ళు ఇరుకుకోవడం.

కనుక కుక్కపిల్ల మీద రాసిన పరిమాణం కొలత కాదు, అంచనా. పెడిగ్రీ సర్టిఫికెట్ తల్లిదండ్రులను, పుట్టిన తేదీని చెబుతుంది కానీ పెద్దయ్యాక ఎంత తూగుతుందో హామీ ఇవ్వదు. ఆ అంచనాకు ఉన్న ఒకే మంచి ఆధారం తల్లిదండ్రుల కొలత. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. తల్లిని చూపించి, మన కళ్ళముందే తూకం వేసి, నమోదు సంఖ్య చెప్పగలిగిన వారి దగ్గర కొనమని నేను అడిగినవారందరికీ చెబుతాను. ఈ మూడింటిలో దేనికి సాకు చెప్పినా వెనక్కి రావడమే నయం.

ఇంట్లో ఉన్న కుక్కను కొలవడం కష్టమేమీ కాదు. గచ్చు మీద గోడ పక్కన నాలుగు కాళ్ళూ తిన్నగా ఉండేట్టు నిలబెట్టి, మూపు మీద బొచ్చు అణిగేలా ఒక అట్టపుస్తకాన్ని గోడకు ఆనించి సమంగా పెట్టి, దాని అడుగున పెన్సిల్‌తో గీత గీసి, టేపుతో నేల నుంచి కొలిస్తే సరిపోతుంది. షిట్జూకైతే బొచ్చును వేళ్ళతో విడదీయకుండా కొలిస్తే ఎత్తు ఎక్కువ వస్తుంది. బరువుకు కుక్కను ఎత్తుకుని తూకం యంత్రం ఎక్కి, తర్వాత మనం ఒక్కరమే ఎక్కి, ఆ తేడా తీసుకోవాలి. చిన్న కుక్కపిల్లలకు వంటింటి తూకమే మేలు. ఈ అంకెను ఒకచోట రాసుకోవడం ఎందుకంటే పిడుదుల మందు పెట్టెల మీద, నులిపురుగుల మాత్రల మీద ఉండే కిలోల విభజన నిజమైన బరువు ప్రకారమే వాడాలి. మందుల షాపులో "మాది టాయ్ బ్రీడ్" అంటే ఆ అబ్బాయి ఏదో ఒక పెట్టె ఇచ్చేస్తాడు, "3.6 కిలోలు" అని చెప్పి, పెట్టె మీది అంకె చూసుకుని తెచ్చుకోండి.