మొదటి పేజీ మీద పేచీ

మా కర్టెన్ల కుట్టుపనికి పెట్టబోయే వెబ్‌సైట్ మొదటి పేజీలో ఏముండాలన్న దాని మీద ఇవాళ పొద్దున్నుంచీ అక్కకీ నాకూ ఒకటే పేచీ. చేతిలో పెద్ద ఆర్డర్లేవీ లేవు, మెషీన్లు రెండూ ఖాళీ. ఇలాంటి రోజు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందోనని నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాం.

అక్క మనసులో ఉన్నది ఇదీ: తెరవగానే పెద్ద పెద్ద ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతూ పోవాలి, పైన 'స్వాగతం' అని ఉండాలి, కింద మేం ఈ పని ఎలా మొదలుపెట్టామో ఆ కథంతా రావాలి. నాకేమో వచ్చిన మనిషి ఏ పని మీద వచ్చాడో అది ముందు కనబడాలి. మేం కర్టెన్లు కుడతాం, ఎన్నాళ్లు పడుతుంది, ఎవరికి ఫోన్ చెయ్యాలి, అంతే. కథకేం, ఇంకో పేజీలో పెట్టుకోవచ్చు. వాదనకి బలం ఉంటుందని చరిత్రలోకి కూడా వెళ్లాను. 1991లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైట్‌లో ఒట్టి అక్షరాలూ లింకులే తప్ప బొమ్మల్లేవే అన్నాను. "ఆయన కర్టెన్లు అమ్ముకోలేదుగా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

సరే, నీ మాటా వద్దు నా మాటా వద్దు, అడిగేవాళ్లు ఏం అడుగుతున్నారో చూద్దామని వాట్సాప్ తెరిచాను. పాత చాట్లు తిరగేస్తూ ప్రశ్నలు మాత్రం రాసుకుంటూ పోయాం. మనుషులు వేరు గానీ ప్రశ్నలు అవే. గుడ్డ మీరే తెస్తారా, మమ్మల్ని కొనుక్కోమంటారా? ఉతికితే పొట్టివవుతాయా? లైనింగ్ వేస్తే వెలుతురు పూర్తిగా ఆగుతుందా? అన్నిటికంటే ఎక్కువగా తేలింది కొలతల గొడవ. అందరూ కిటికీని కొలిచి పంపుతారు, మాకు కావలసింది రాడ్ పొడవు. కుచ్చులు నిండుగా పడాలంటే గుడ్డ వెడల్పు రాడ్‌కి దాదాపు రెట్టింపు ఉండాలి, పల్చటి గుడ్డైతే ఇంకాస్త ఎక్కువ. నిలువు కొలత కూడా కిటికీ పై అంచు నుంచి కాదు, కర్టెన్ ఎక్కడ తగిలిస్తామో అక్కడి నుంచి తియ్యాలి. ఈ ముక్క ఫోన్‌లో చెప్పీ చెప్పీ అక్క గొంతు పోతోంది.

"ఇదే మొదట పెట్టాలే" అని ఈసారి తనే అంది. టేపు తెచ్చి మా గదిలో రాడ్‌కి పట్టుకుంది, నేను ఫోటో తీశాను. ఒకదాంట్లో నీడ అంకెల మీద పడింది. ఇంకోదాంట్లో టేపు మధ్యలో కిందికి వేలాడింది. చివరికి బొటనవేలు సున్నా దగ్గర, అవతలి కొస రాడ్ చివరి గుండు ముందే ఆగేలా ఒకటి బాగా వచ్చింది. ఆ గుండుని కొలతలో కలపకూడదని ఎంతమందికి చెప్పామో! ఫోటోలో చూస్తే ఒక్క చూపులో అర్థమవుతోంది.

ఫోటో అలాగే ఎక్కిస్తే నాలుగు ఎంబీల దాకా ఉంది. పేజీకి అలాంటివి పది పెడితే సిగ్నల్ సరిగా లేనిచోట తెరుచుకునేలోపు మనిషి వెళ్లిపోతాడు. వెడల్పు 1600 పిక్సెల్స్‌కి తగ్గించి సేవ్ చేస్తే కొన్ని వందల కేబీలకి దిగింది, చూడ్డానికి తేడా తెలీలేదు. అక్క చేయించిన పోస్టర్ ఒకటుంది, పనివేళలూ ఫోన్ నంబరూ అన్నీ బొమ్మలోనే. ఫోన్ తెర మీద ఆ అక్షరాలు చీమలబారులా ఉన్నాయి. పైగా నంబరు నొక్కితే కాల్ వెళ్లదు, తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి అందులో ఏముందో తెలియడం కష్టం. నంబరుని మామూలు అక్షరాల్లో, నొక్కగానే కాల్ వెళ్లేలా పెట్టాలని రాసుకున్నాను. ముందు ఫోన్‌లో ఎలా ఉందో చూసి తర్వాతే కంప్యూటర్లో చూడాలి. గూగుల్ కూడా వెతికినవాళ్లకి సైట్లు చూపించేటప్పుడు ఇప్పుడు సైట్ ఫోన్‌లో కనిపించే రూపాన్నే లెక్కలోకి తీసుకుంటుంది.

ఆన్‌లైన్‌లో కొనే బుట్ట మాత్రం వద్దనుకున్నాం. ఏ రెండు కిటికీలూ ఒక్క కొలతలో ఉండవు, ధర ముందే ఎలా రాస్తాం?

మధ్యాహ్నం చిన్నాన్న వాళ్లబ్బాయి వచ్చాడు. సైట్ కట్టేది వాడే. సైట్ చిరునామాకి అక్క అనుకున్న పేరులో రెండు చోట్ల అడ్డగీతలున్నాయి. నిబంధనల ప్రకారం తప్పేం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత, చుక్కకీ చుక్కకీ మధ్య 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. కానీ ఆ పేరు ఫోన్‌లో చెప్పి చూడవే అన్నాను. చెప్పింది. మధ్యలో తనే ఆగిపోయింది. పొట్టి పేరుకి ఒప్పుకుంది.

"పేరు నా అకౌంట్‌లో కొనేస్తా అక్కా, మీకెందుకు శ్రమ" అన్నాడు తమ్ముడు. వాడి మంచితనం మీద అనుమానం లేదు గానీ, ఇక్కడ మాత్రం నేను గట్టిగా పట్టుబట్టాను. మాకు తెలిసిన ఒకావిడకి సైట్ చేసిపెట్టిన మనిషి తన పేరు మీదే డొమైన్, అంటే సైట్ చిరునామా, కొన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. గడువు దాటితే డాట్ కామ్ పేరు వెంటనే పోదు, రద్దు చేశాక కూడా 30 రోజుల దాకా అదనపు రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ ఆ అవకాశం అకౌంట్ ఎవరిదో వాళ్లకే. ఆవిడ చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. మా ఈమెయిల్‌తో, మా కార్డుతో కొంటాం, సైట్ పనికి కావలసిన అనుమతులు మాత్రం నీకిస్తాం అన్నాను. వాడు నవ్వి సరేనన్నాడు. 2018 నుంచీ క్రోమ్ బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య నడిచే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే పద్ధతి) లేని సైట్లన్నిటికీ 'సురక్షితం కాదు' అని చూపిస్తోంది కదా, దానికి కావలసిన సర్టిఫికెట్‌కి ఎంత అవుతుందని అడిగితే, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థవాళ్లు ఉచితంగానే ఇస్తారన్నాడు. ఒకచోట దానికి విడిగా డబ్బు కలిపి ఇచ్చిన కొటేషన్ ఒకటి నా దగ్గరుంది, పక్కన పెట్టేశాను.

సాయంత్రం అక్క మా కథ చెప్తుంటే నేను టైప్ చేశాను. చెప్తే పేజీలు వచ్చేలా ఉంది, ఆపమనడానికి మనసొప్పలేదు. కోసేది రేపు చూస్తా. ఒక కస్టమర్ ఇంట్లో తీసిన ఫోటో తనకి బాగా నచ్చింది. అందులో గోడ మీద వాళ్ల పిల్లల ఫోటోలు కనబడుతున్నాయి, అడక్కుండా పెట్టలేం. వాళ్లకి మెసేజ్ పెట్టాను, ఇంకా చూడలేదు.

ఒక్కటి తేలలేదు. సైట్‌లో 'మమ్మల్ని సంప్రదించండి' అని ఫారం పెడదామంటుంది అక్క. అది నింపితే వచ్చే మెయిల్ రోజూ తెరిచి చూసేదెవరు అని అడిగాను. "నువ్వే" అంది. నేను "నువ్వే" అన్నాను. ప్రస్తుతానికి ఫారం లేదు, నంబరుంది.