మాట వినే పిల్లలు, మాట చెప్పే పిల్లలు

హనుమకొండలో పెరిగిన నేను స్వీడన్‌లోని గోతెన్‌బర్గ్‌లో ఒక ప్రీస్కూల్‌లో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. ఏడాది నుంచి అయిదేళ్ల వయసు పిల్లలు వస్తారు. వాళ్లు తమ పని తాము చేసుకునేదాకా ఓపిక పట్టడమే ఇక్కడ మా ఉద్యోగంలో పెద్ద భాగం. వానలోనూ బయట ఆడుకోవాలి కనుక వానకోటు, బూట్లు ఎవరివి వాళ్లే తొడుక్కుంటారు. మూడేళ్ల బాబు ఏ బూటు ఏ కాలిదో తేల్చుకునేలోగా మా వైపు నాయనమ్మ ఇంటిల్లిపాది పిల్లలను తయారుచేసి పంపేస్తుంది.

భోజనం దగ్గర తేడా మరింత తెలుస్తుంది. నాలుగేళ్ల బిడ్డకు కథ చెబుతూ ముద్దలు కలిపి పెట్టడం మన తల్లికి ప్రేమ, విధి కూడా. మారాం చేయకుండా తింటే ఆ బిడ్డ బుద్ధిమంతురాలు. ఇక్కడ అదే వయసు పిల్లలు గిన్నెలోంచి తామే వడ్డించుకుంటారు, ఇక చాలో ఇంకా కావాలో తామే తేల్చుకుంటారు.

పిల్లల ఎదుగుదల గురించి మాట్లాడే సమావేశాలకు తెలుగు కుటుంబాలు వస్తే నన్నూ కూర్చోబెడతారు. వరంగల్ వైపు తల్లి ముందుగా అడిగేది, "మావాడు చెప్పిన మాట ఇంటున్నడా అక్కా, ఎవరినన్న కొడుతున్నడా?" అని. స్వీడిష్ తల్లులు తరచుగా అడిగేది, తమ బిడ్డ ఇష్టం లేనిదాన్ని వద్దని చెప్పగలుగుతోందా అని. మన ఇళ్లలో ఆ 'వద్దు'కే పెద్దంతరం చిన్నంతరం లేదన్న పేరు వస్తుంది. ఆ నింద పడేది తల్లి పెంపకం మీద.

అమెరికాలో రాబిన్ హార్‌వుడ్ అనే పరిశోధకురాలు 1990లలో చేసిన అధ్యయనంలోనూ కరీబియన్ దీవి ప్యూర్టోరికోకు చెందిన తల్లులు మర్యాదకూ ఒద్దికకూ, ఆంగ్లో అమెరికన్ (తెల్లజాతి) తల్లులు ఆత్మవిశ్వాసానికీ స్వతంత్రతకూ ఎక్కువ విలువనిచ్చారు. అత్తమామలు, తోటికోడళ్లు ఒకే వాకిట్లో తిరిగే ఇంట్లో ఒద్దిక లేకపోతే రోజు గడవదు. చిన్న వయసులోనే వేరే ఇల్లు చూసుకునే సమాజంలో నోరు తెరిచి అడగలేనివారు వెనకబడతారు.

అలాగని ఇక్కడ పిల్లలకు అన్నీ చెల్లవు. వరుస తప్పి దూరినా, పక్కవారి చేతిలోది లాక్కున్నా తల్లి ముఖం చిన్నబోతుంది, అయితే చెయ్యి మాత్రం లేవదు. ఇంట్లో సైతం పిల్లలను కొట్టరాదని 1979లోనే చట్టం చేసిన మొదటి దేశమిది. మన 2009 విద్యాహక్కు చట్టం నిషేధం బడి వరకే.

కొత్తగా వచ్చిన తల్లులు ఇక్కడి చట్టానికి త్వరగానే అలవాటుపడతారు. వాళ్లకు కష్టమయ్యేది సెలవుల్లో ఊళ్లో నాయనమ్మ పిలిచినప్పుడు, పిల్లవాడు ఉన్నచోటు నుంచే "ఇప్పుడు రాను" అని నిదానంగా చెప్పడం. దగ్గరకు వెళ్లి నిలబడి ఆ మాటే చెప్పడం నేర్పమంటాను. దానికి ప్రీస్కూల్‌కూ అభ్యంతరం ఉండదు.